ముద్ద పట్టిన చేయి

తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఎల్బీనగర్ రాస్తారోకోలో మా బస్సు ఆగిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో జీవశాస్త్రం చెప్పే నేను, నా కోస్తా యాస బయటపడకూడదని నోరు మెదపకుండా కూర్చున్నాను. పక్క సీటులోని పెద్దావిడ వేళ్లు ముద్ద పట్టినట్టు దగ్గరికి చేరాయి. ఆ చేత్తోనే పెదవులు రుద్దుకుంటోంది. ఆకలేమోనని నా టిఫిన్ బాక్సు తెరిచాను.

“ఆకలి గాదు బిడ్డా. గొంతుల థైరాయిడ్ ఆపరేషన్ అయినంక, క్యాల్షియం తగ్గితే చెయ్యి గిట్లనే గుంజుకపోతది, మూతి తిమ్మిరెక్కుతది. సంచిల గోలీలున్నయి, ఒకటి జర నోట్లె ఎయ్యి.”

వేశాను. ఆమె కళ్లలో భయం చూశాక ఇక ఉండబట్టలేదు.

“కంగారు పడకండమ్మా. నరాలకి క్యాల్షియం కాపలా అన్నమాట. అది తగ్గితే ఊరికూరికే ఉలిక్కిపడతాయి. మందు పడిందిగా, సర్దుకుంటాయి.”

నా యాస విని ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగారు. ఆమె ఆ బిగుసుకున్న చేతినే తెచ్చి నా చేతి మీద పెట్టి, అలాగే ఉంచింది.

దారి వదిలేసరికి ఆ వేళ్లు సడలాయి. “గిప్పుడు ఆకలైతుంది, పెట్టు” అంది. గోంగూర అన్నం తనే కలుపుకుని తింది.

ఆ తర్వాత నేను ఏ బస్సులోనూ నోరు మూసుకుని కూర్చోలేదు.