సలాం ఉన్నిలో తగ్గిన కిలో

ఏలూరులో తివాచీ మగ్గం మీదే జుట్టు నెరిసిన అబ్దుల్ సలాంకి ఎవరినీ ఒక పట్టాన నమ్మే అలవాటు లేదు. అలాంటి మనిషినే శేషగిరిరావు దొంగని అనుమానించాడు.

శేషగిరిరావు తివాచీల షావుకారు. కొనడానికొచ్చేవాళ్ళు నేత చూస్తారని మగ్గాన్ని తన ఏసీ షోరూములోకి మార్పించాడు. ఉన్ని తూచి ఇవ్వడం, నేత అయ్యాక తివాచీనీ కత్తిరింపు తుక్కునీ కలిపి తూచి తీసుకోవడం ఈ పనిలో ఎప్పుడూ ఉన్న పద్ధతే. కాలువ పక్క గోడౌనులో పదిహేను కిలోలు తూగిన ఉన్ని, నేశాక షోరూములో పద్నాలుగే తూగింది.

"తప్పు పట్టడం లేదండీ. ఆ కిలో ఎటు పోయిందో మీరే చెప్పండి. చెప్పలేకపోతే మగ్గం మీద ఇంకొకరిని కూర్చోబెట్టుకుంటాను" అన్నాడు షావుకారు మెత్తగా. ఆ మెత్తదనమే సలాంకి గుచ్చుకుంది.

సలాం అనుమానమంతా గది మీద. అక్కడ చెప్పులతో తివాచీ మీద నడిచి పోగులు దట్టించే ఇనుప దువ్వెన ముట్టుకుంటే చాలు, చురుక్కుమంటుంది. వైరింగులో ఏదో మతలబుందని ఇంటరు చదివే కూతురు మెహర్‌తో అన్నాడు.

"వైరింగు కాదు అబ్బాజాన్, స్థిర విద్యుత్తు. రాపిడికి ఉన్నిలోంచి ఎలక్ట్రాన్లు చెప్పుల్లోకి పోతాయి."

"ఎన్ని పోతాయి?"

"3.2 × 10⁻⁷ కూలుంబుల ఆవేశం ఉందనుకోండి. దాన్ని ఒక్క ఎలక్ట్రాను ఆవేశం 1.6 × 10⁻¹⁹తో భాగిస్తే రెండు లక్షల కోట్లు."

సలాం మిగతాది వినలేదు. చొక్కా తగిలించుకుని షోరూముకి బయల్దేరాడు. మెహర్ వెనకాలే పరిగెత్తింది.

"ఉన్నిలోంచి రెండు లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు పోయాయంటండీ. నేను తియ్యలేదు" అన్నాడు షావుకారుతో.

"అయితే ఎలక్ట్రాన్ల మీద కేసు పెట్టమంటారా?" అని నవ్వాడు శేషగిరిరావు.

మెహర్ తల దించుకుంది. "అవన్నీ కలిపినా దుమ్ము రేణువంత కూడా తూగవు అబ్బాజాన్."

కూతురు కూడా అటువైపే చేరిందని సలాంకి అనిపించింది.

మెహర్ షావుకారు వైపు తిరిగింది. "గాలిలో తేమ ఉంటే ఆవేశం నిలవదండీ, ఈ చురుకూ ఉండదు. ఏసీకి ఈ గది ఎండిపోయింది, ఇందులో ఉన్నీ ఎండిపోయింది. ఉన్ని తేమ పీల్చి బరువెక్కుతుంది కదండీ. మీరు తూచి ఇచ్చింది కాలువ గట్టున, తూచి తీసుకుంటున్నది ఇక్కడ."

శేషగిరిరావు నవ్వు ఆపాడు. తివాచీనీ తుక్కునీ గోడౌనుకి మోయించి, తాళం చెవి తన దగ్గరే పెట్టుకుని, కొన్నాళ్ళాగి తానే తూచాడు. లోటు దాదాపు పూడింది. క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. కొత్త ఉన్ని కట్టలు ముందుకి జరిపి "తీసుకెళ్ళండి సలాంగారూ" అన్నాడు.

సలాం వాటిని ముట్టుకోలేదు.

"ముందు వీటిని షోరూములో ఆరబెట్టించండి. అవి ఆరాక, నా ఎదురుగా తూచి ఇవ్వండి" అన్నాడు.