కట్ట మీద దుర్గమ్మ షికారు

శామీర్‌పేట చెర్వు కట్ట మీద దుర్గమ్మ ఒక్కతే ముగ్గురు మొగోళ్ల పండ్లు రాలగొట్టిందట. కండ్లతోని సూసినోడు ఒక్కడు లేడు, కని మేడ్చల్ మొత్తం గదే ముచ్చట.

మనుమరాలు పూజను స్ట్రోలర్ బండిల కూసోవెట్టి షికారు తిప్పుడంటే దుర్గమ్మకు పానం. కొత్త తోవ అయితే ముందుగాల పిల్లను ఎక్కియ్యదు. పిల్ల జాగల నిండు సల్లకుండ వెట్టి బండి తోస్తది. సల్ల ఒలికితే ఆ తోవ బంద్. కట్ట మీద సుక్క గూడ ఒలకలే, పైకెళ్లి చెర్వు మస్తు కనవడ్తది. మర్నాడే పూజను తీస్కపోయింది.

బైకు మీద ముగ్గురు పోరగాళ్లు దూసుకొచ్చి పిల్ల బండిని గుద్దిన్రట. బండి నీళ్ల దిక్కు ఉరికిందట. దుర్గమ్మ ఒక చేత్తోని బండి వట్టి, ఇంకో చేత్తోని చెప్పు తీసిందట. ఒకని మూతి పలిగింది, ఒకని చెయ్యి ఇరిగింది, మూడోడు సుచిత్ర చౌరస్తా దాంక రక్తం కార్చుకుంట ఉరికిండట. చెర్వు నీళ్లు ఎర్రగైనయంటున్రు.

ఇంట్ల కోడలు పద్మలత గట్టిగనే అన్నది. "అత్తమ్మా, గా కొట్లాట నిజమైతే ఇగ పిల్లను నీ చేతికియ్య."

దుర్గమ్మ రక్తం మరక కనవడకుంట కొంగును నడుముల చెక్కుకున్నది.

"కొట్లాటేంది బిడ్డా? నేను కట్ట దిక్కే పోలే."