నాలుగంగుళాలు కుట్టని దుప్పటి

ఇది రెండువేల సంవత్సరం చివర్లో సంగతి. అప్పటికి సింగపూరు బుకిట్ బటోక్‌లో ఒక ఫ్లాట్ల బ్లాకు కింద నేను కుట్టు దుకాణం పెట్టి పన్నెండేళ్ళయింది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, పూర్తయిన బట్టలు వేలాడదీసే కమ్మీ, గోడకి ఒక ఫోను, అంతే నా ఆస్తి. మాది మలేషియాలో పేరాక్ వైపు. తాతల కాలంలో తోటల్లో పనికి వచ్చిన తెలుగువాళ్ళం. పెళ్ళయ్యాక మా ఆయన ఉద్యోగం కోసం సింగపూరు చేరాం. నా తెలుగులో తమిళమూ మలయ్ మాటలూ దొర్లుతాయని ఇండియా నుంచి వచ్చినవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ, నా కుట్టుకి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు.

ఆ రోజుల్లో నాకు వచ్చే పనిలో సగం కంప్యూటరు కుర్రాళ్ళ ప్యాంట్లే. వారానికి ఇంకో నలుగురు హైదరాబాదు నుంచి దిగేవారు. ఇక్కడ కొన్న ప్యాంటు ఎవరికీ పొడవు సరిపోయేది కాదు. ఉన్న బట్టను విప్పి ఒంటికి సరిచేసే ఈ పనిని ఆల్టరేషన్ అంటాం. కొత్తగా కుట్టడం కన్నా ఇదే కష్టం, ఎందుకంటే ఇంకొకరు చేసిన తప్పును కూడా మనమే మోయాలి. నాకు నోరు కాస్త ఎక్కువ. ఆ కుర్రాళ్ళందరినీ ఏదో ఒకటి అంటూనే ఉండేదాన్ని. అయినా మళ్ళీ నా దగ్గరికే వచ్చేవారు.

ఫరీద్ అలా ప్యాంట్లతో పరిచయమైనవాడే. జురాంగ్ ఈస్ట్‌లో ఆఫీసు, మా పక్క వీధిలో ఫ్లాట్. ఒక శనివారం పొద్దున చేతిలో ప్యాంటు లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆంటీ, నాకు కుట్టుడు నేర్పిస్తరా?"

"ఎందుకయ్యా, కంప్యూటర్లు విసుగేశాయా?"

"చిన్న పిల్లల దుప్పటి ఒక్కటి చాలు. ఇంకేం వద్దు."

"అది రెండు గంటల పని. నేనే కుట్టి ఇస్తాను, మంగళవారం రా."

"మీరు కుడితె మీ దుప్పటి అయితది కద ఆంటీ," అన్నాడు.

కుర్చీ చూపించాను. కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. భార్య సబీహాకి ఆరో నెల. అంతకు ముందు ఏడాది, వైటూకే పనులు ఊపు మీద ఉన్నప్పుడు, వాళ్ళకి ఒక బిడ్డ ఏడో నెలలో కడుపులోనే పోయాడు. అప్పుడు తొట్టి, బట్టలు, బొమ్మలు అన్నీ ముందే కొని పెట్టుకున్నారట. కొన్నవన్నీ మూటగట్టి ఎవరికో ఇచ్చేశారు. ఈసారి బిడ్డ ఇంటికి వచ్చేదాకా గుమ్మంలోకి ఒక్క గుడ్డముక్క కూడా రాకూడదని సబీహా ఒట్టు వేయించుకుంది.

"మరి నువ్వెందుకు కుడతానంటున్నావు?"

"దవాఖానల నుంచి బయటికి తెచ్చేటప్పుడు దేంట్ల చుట్టి తేవాలె ఆంటీ? దుకాణంల కొన్నదాంట్ల తేవాలనిపిస్తలేదు. నా చేత్తోని ఏదన్న చెయ్యాలె. సబీహాకు మాత్రం తెల్వద్దు."

పుట్టకముందే కొత్తబట్ట కుట్టొద్దనే మాట వింటూ పెరిగినదాన్నే నేనూ. మా అమ్మమ్మ ఉంటే నా చేతిలో కత్తెర లాక్కునేది. ఒక నిమిషం సంకోచించాను. కానీ అతను ఆ మాట చెబుతూ నా బల్ల మీది చాక్‌ముక్కను అటూ ఇటూ తిప్పుతూ నలుపుతున్న తీరు చూశాక వద్దనడానికి నోరు రాలేదు. దుప్పటి నా దుకాణంలోనే ఉంటుంది, ఇంటికి పోదు అనే షరతు మీద ఒప్పుకున్నాను. అలవాటు ప్రకారం చీటీ రాయమన్నాను. పేరు, ఫోన్ నంబరు, ఏం పని. అతనూ అలవాటుగా ఇంటి నంబరే రాశాడు, బట్ట వచ్చాక నేను గుండుసూదితో దానికి గుచ్చాను.

పిల్లల దుప్పటి అంటే కుట్టుపనిలో మొదటి పాఠం లాంటిది. ఒక పక్క మెత్తటి ఫ్లానెల్, ఇంకో పక్క పలచటి నూలుబట్ట. నూలుబట్ట అతనే ఎంచుకున్నాడు, లేత పసుపు మీద చిన్న చిన్న పడవలు. ముందు రెండింటినీ నీళ్ళలో నానబెట్టి ఆరేయించాను. దాన్ని ప్రీష్రింక్ అంటాం. బట్ట కుదించుకుపోయేదేదో ముందే పోవాలి, కుట్టాక కుదించుకుపోతే దుప్పటి ముడతలు పడుతుంది. తర్వాత రెండు ముక్కల మంచి వైపులు లోపలికి పెట్టి చుట్టూ కుట్టాలి. ఒకచోట నాలుగంగుళాలు మాత్రం కుట్టకుండా వదలాలి. దాన్ని టర్నింగ్ గ్యాప్ అంటాం. అందులో చెయ్యి పెట్టి మొత్తం దుప్పటిని బయటికి తిరగేస్తే కుట్లన్నీ లోపలికి పోతాయి. ఆఖర్న ఆ సందును చేతి సూదితో మూసేస్తే పని సుడా, అయిపోయినట్టే.

చెప్పడానికి ఇంతే. ఫరీద్‌కి మాత్రం ఐదు శనివారాలు పట్టింది. ఇంట్లో ఆఫీసు పనని చెప్పి పొద్దున్నే వచ్చేవాడు. టీ తాగడానికి వెళ్ళేముందు, తిండి అమ్మే హాకర్ సెంటర్లో బల్ల చోప్ చేసినట్టు, అంటే ముందే ఆపుకున్నట్టు, నా పాత మిషన్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్ళేవాడు. నా దుకాణంలో నా మిషన్‌నే ఇంకెవరో ఆక్రమించుకుంటారని వాడి భయం! కుట్టు వంకర పోతే వెంటనే విప్పేసేవాడు. కుట్లు తెంపే చిన్న కొక్కెం, సీమ్ రిప్పర్, నేను అరిగేంత వాడలేదు, అతను వాడాడు. అంచు లోపల దాగిపోయే బట్ట మీద, అంటే సీమ్ అలవెన్స్ మీద, పెన్సిల్‌తో వి1, వి2 అని రాసుకునేవాడు.

"అదేం గీతలయ్యా?"

"వెర్షన్లు ఆంటీ. ఎన్నిసార్లు మార్చిన్నో లెక్క ఉండాలె."

"బిడ్డ బడికి వెళ్ళేలోపు అవుతుందా నీ దుప్పటి?"

నవ్వేవాడు. ఐదో శనివారం మధ్యాహ్నానికి నాలుగు పక్కలూ కుట్టేసి, తిరగేసి, దులిపి చూసుకున్నాడు. నాలుగంగుళాల సందు ఒక్కటే మిగిలింది. చేతికుట్టు వచ్చే వారం నేర్పిస్తానని పంపేశాను.

తప్పు నేను చేసింది ఆ తర్వాత. బుధవారం పూర్తయిన బట్టలన్నీ ఇస్త్రీ చేసి కమ్మీకి తగిలించాను, దాన్ని కూడా. ఇక నా రోజువారీ పని, వరసగా ఒక్కో చీటీ చూడటం, ఫోన్ చేయడం, "మీది రెడీ" అనడం. పన్నెండేళ్ళుగా చేతికి అలవాటైన పని. బుర్ర ఎక్కడో ఉంటుంది, వేళ్ళు నంబర్లు నొక్కుతుంటాయి. ఒక ఇంట్లో ఆడగొంతు పలికింది.

"ప్యాంట్లు ఇచ్చిండా మా ఆయన?"

"ప్యాంట్లు కాదమ్మా, బేబీ బ్లాంకెట్. ఒక్క చేతికుట్టు ఉంది, శనివారం వస్తే..."

అప్పుడు చీటీ మీద పేరు చదివాను. ఫరీద్. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినిపించింది.

పావుగంటలో సబీహా వచ్చింది. సన్నటి మనిషి, నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయాసపడుతూ. కూర్చోమంటే కూర్చోలేదు. కమ్మీ మీది పడవల బట్ట తనంతట తానే గుర్తుపట్టింది.

"విప్పెయ్యిండి ఆంటీ."

"అమ్మా, నా మాట..."

"మొత్తం విప్పెయ్యిండి. ముక్కలు ముక్కలే ఉండాలె. ఆయనకు ఏం పోయింది? బిడ్డ పోయిన మూడోనాడు ఆఫీసుకు పోయిండు. ఒక్కనాడు ఏడ్వలే. ఇప్పుడు నాకు చెప్పకుండ మీతోని దుప్పటి కుట్టిస్తుండు."

నాకు పౌరుషం వచ్చింది. తప్పు నాదే, కానీ ఆ కుట్టు నాదంటే ఎలా ఊరుకుంటాను? "నేను కుట్టానా? నేనిలా కుడితే ఈ దుకాణం ఎప్పుడో మూతపడేది. చూసుకో," అని దుప్పటి ఆమె చేతిలో పెట్టాను.

ఆమె ఆ సందులో చెయ్యి పెట్టి దుప్పటిని లోపలి నుంచి బయటికి తిరగేసింది. అక్కడ అన్నీ కనిపించాయి. పాములా పోయిన కుట్లు, విప్పిన చోట సూది రంధ్రాలు, మధ్యలో దారం అయిపోతే ఎక్కించిన వేరే రంగు దారం. పెన్సిల్ అంకెల దగ్గర ఆగింది.

"వి7? ఇదేంది?"

"ఎన్నిసార్లు విప్పి కుట్టాడో లెక్క. ఏడుతో ఆగలేదులే, ఆ మూల చూడు."

"పదకొండు," అంది. ఆమె కూర్చుంది. "శనివారాలు ఆఫీసుకు పోతున్న అని చెప్పిండు నాకు."

"ఇక్కడికే వచ్చేవాడు. ఐదు వారాలు. మొదటి బిడ్డ సంగతి చెప్పినప్పుడు నా చాక్‌ముక్క నలిపి పొడి చేశాడు."

అప్పుడు ఏడ్చింది. నేను నీళ్ళిచ్చి, ఫ్యాన్ కాస్త పెంచాను. నాకూ కళ్ళు తడిశాయి. ఎంతసేపటికో మొహం తుడుచుకుని, దుప్పటిని మళ్ళీ జాగ్రత్తగా తిరగేసి మడత పెట్టింది.

"విప్పొద్దు ఆంటీ. కానీ ఈ సందు మూయకుండ్రి. బిడ్డ వచ్చేదాక ఇది పూర్తి కావద్దు. నేను వచ్చినట్టు ఆయనకు చెప్పకుండ్రి."

ఒక ఇంటికి చెందిన రెండు రహస్యాలు నా ఒక్కదాని మెడకి చుట్టుకున్నాయి. శనివారం ఫరీద్ సూది పట్టుకుని ఉత్సాహంగా కూర్చున్నాడు.

"ఆ రంగు దారం లేదు," అన్నాను.

"ఏ రంగైనా పర్వాలేదు ఆంటీ."

"నా దుకాణంలో పర్వాలేదనే మాట లేదు. దారం వచ్చాక చూద్దాం."

వెనక అరలో అన్ని పసుపుపచ్చ ఉండలు కనిపిస్తున్నా అతను నా మాట నమ్మాడు. అయినా రావడం మానలేదు. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని ప్యాంటు అంచు మడిచి కుట్టడం నేర్పించాను. ఫిబ్రవరి వచ్చేసరికి తన ప్యాంట్లు తనే కుట్టుకుంటున్నాడు. నా గిరాకీ ఒకటి అలా పోయింది.

ఏడో నెల దాటిన వారం అతను ఒకే ప్యాంటు అంచును మూడుసార్లు విప్పి కుట్టాడు. ఎనిమిదో నెలలో ఒకసారి, "డాక్టర్ అంత బాగుందంటుండు ఆంటీ," అని, ఆ మాట బయటికి అన్నందుకే భయపడ్డట్టు తల దించుకున్నాడు. నేను మా ఆయనకి కూడా చెప్పకుండా రోజూ దీపం దగ్గర సబీహా పేరు తలుచుకునేదాన్ని.

మార్చిలో ఒక పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికే ఫరీద్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. షర్టు ఒక పక్క గుండీలు తప్పి పెట్టుకున్నాడు.

"పాప, ఆంటీ. ఇద్దరూ మంచిగున్నరు."

ఏడుస్తున్నాడు. ఏడవని మనిషని ఎవరన్నారు? దుప్పటి తీసి ఇచ్చాను. సందు చూసి, "ఇంక దారం రాలేదా?" అన్నాడు.

"రాలేదు. నువ్వు పో, పాపకి చలేస్తుంది."

నలభై రోజుల స్నానం అయ్యాక ముగ్గురూ వచ్చారు. అప్పటికి ఎన్నోసార్లు ఉతికినా దుప్పటి ఎక్కడా ముడత పడలేదు. పని చేసే చెయ్యి కదా, బిడ్డ మొహం కన్నా ముందు ఆ సందు కోసం వెతికాను. నాలుగంగుళాలూ అలాగే తెరుచుకుని ఉన్నాయి.

"ఇవాళ మూద్దాం ఆంటీ," అంది సబీహా. "దారం ఉండెనని నాకు ఎరుకే. వద్దని నేనే చెప్పిన." ఫరీద్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆమె సంచిలోంచి అరచేయంత తెల్ల చొక్కా తీసింది. కొత్తది, దుకాణంలో పెట్టిన మడత ఇంకా చెరగలేదు. నాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అతనికి ఆ క్షణం కూడా పట్టలేదు.

"అన్నీ ఇచ్చేసినం కద," అన్నాడు.

"ఇదొక్కటి దాచిన. నీకు చెప్పలే." ఆమె చొక్కాను సందులోంచి రెండు బట్టల మధ్యకి పంపి, ఒక మూలకి జరిపి, చేత్తో చదును చేసింది. "అన్న దగ్గరుంటడు దీనికి."

మిషన్ మీద నిమిషం పని. నేను ముట్టుకోలేదు. పాపను నా ఒళ్ళో తీసుకుని, పైకి కనబడకుండా ఆ అంచూ ఈ అంచూ కలుపుతూ పోయే లాడర్ స్టిచ్ ఎలా వేయాలో నోటితోనే చెప్పాను. ఫరీద్ అంచులు పట్టుకున్నాడు, సబీహా కుట్టింది. ఇద్దరూ తలలు వంచుకుని ఉన్నారు. మధ్య మధ్య అతను "ఇట్లనా?" అంటున్నాడు, ఆమె "అట్లనే" అంటోంది. ఏడాదిన్నర తర్వాత ఆ పోయిన బిడ్డ కోసం వాళ్ళు కలిసి చేసిన మొదటి పని అదని నాకు అనిపించింది.

ఆ తర్వాత నా దుకాణంలో ఒక పద్ధతి మారింది. పిల్లల బట్టల పని వస్తే, నంబరుతో పాటు "ఇంట్లో ఈ సంగతి ఎవరికి తెలుసు?" అని అడిగి చీటీ మీద రాసుకుంటాను. కొలత తప్పితే విప్పి సరిచేయొచ్చు, ఫోన్‌లో అన్న మాటను సరిచేయలేం. నాది అదృష్టం, నా తప్పు మంచి ఇంట్లో పడింది.

ఇక పనితనం సంగతికొస్తే, దుప్పటిలో ఎక్కడైనా ఉబ్బెత్తుగా తగిలితే అది లోపమే. ఇంకెవరిదైనా అయితే విప్పి చదును చేసి గానీ బయటికి పంపను. ఆ రోజు పాపను మళ్ళీ దుప్పటిలో చుట్టి సబీహా చేతికి ఇచ్చేటప్పుడు ఆ మూల నా అరచేతికి తగిలింది. కాస్త ఎత్తుగా, మెత్తగా ఉంది. పాప తల సరిగ్గా దాని మీదకి వచ్చేలా సర్ది ఇచ్చాను.