భీముడి శీతాకాలం

పెట్ షాపులో వేడి బల్బు కింద కాగిన ఇసుక వాసన తగిలితే చాలు, నేను సుభద్ర గారికి ఏడాదిపాటు చెప్పకుండా దాచిన మాట నాకు గుర్తొస్తుంది. ఆవిడ పెంచిన బల్లి బెంగపెట్టుకుందని న్యూజెర్సీలోని మా పిస్కాటవే మిత్రులు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. అది నిజం కాదు.

కాలింగ్ కార్డులతో ఇండియాకి మాట్లాడే రోజులవి. మా పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే సుభద్ర గారు రిటైరైన పిల్లల డాక్టరు. కాలేజీకి వెళ్తూ కొడుకు వదిలేసిన బియర్డెడ్ డ్రాగన్‌కి ఆవిడ భీముడని పేరు పెట్టారు. అది మన తొండకి దూరపు చుట్టం, ఆస్ట్రేలియా జాతి. పగళ్ళు కురచవుతున్నకొద్దీ వాడి గాజుపెట్టెలో లైటు వెలిగే సమయాన్ని కొంచెం కొంచెంగా తగ్గించేవారు. వసంతంలో మళ్ళీ అలాగే పెంచేవారు.

ఒక డిసెంబరులో హ్యూస్టన్‌లో ఉన్న అక్క దగ్గరికి వెళ్తూ వాణ్ణి నాకు అప్పగించారు.

"చలికాలమంతా వీడు సగం నిద్రలో ఉంటాడు రవీ. తినకపోయినా కంగారు పడకు. లైట్లు మాత్రం ముట్టుకోకు."

"ఆఫీసులో సర్వర్లనే చూసుకుంటున్నాను ఆంటీ, బల్లిని చూసుకోలేనా?"

"సర్వర్లు నిద్రపోవు నాయనా."

వాడు కదలకుండా పడుకుంటే నా ఇంజనీరు బుర్ర ఊరుకోలేదు. ఆస్ట్రేలియాలో డిసెంబరంటే వేసవి కదా, ఆంటీ లెక్కే తలకిందులైంది అనుకున్నాను. లైటు టైమర్‌ని నిండు వేసవి పగళ్ళకి తిప్పాను. భీముడు లేచి కూర్చుంటే పొంగిపోయాను. ఆ తర్వాత వాడు పగలంతా గాజుని గీకుతూ, తిండి ముట్టక చిక్కిపోయాడు. నాకు భయం వేసి, ఆవిడ వచ్చే ముందు టైమర్‌ని పాత చోటికే తిప్పేశాను.

"నేను లేనని బెంగపెట్టుకున్నాడు," అన్నారు ఆవిడ, వాణ్ణి ఒళ్ళోకి తీసుకుని.

"అంతే అయ్యుంటుంది ఆంటీ," అన్నాను.

వసంతానికి వాడు కోలుకున్నాడు. సాయంత్రాలు టీ తాగుతూ ఆ పెట్టె ముందే కూర్చునేవాళ్ళం. దేన్నయినా సరిచేసే ముందు కాసేపు ఊరికే చూడాలని నాకు నేర్పింది ఆవిడే. ఆఫీసులో కొత్తవాళ్ళు తొందరపడితే ఇప్పటికీ నా నోట అదే మాట వస్తుంది.

మళ్ళీ చలి మొదలైంది. "అక్కకి మోకాలి ఆపరేషన్. తోడు ఎవరూ లేరు, రమ్మంటోంది," అన్నారొకరోజు. "కానీ వీణ్ణి వదిలి ఎలా వెళ్ళను? రాలేనని చెప్పేస్తాను."

ఇక ఆగలేక అంతా చెప్పేశాను. మొదట ఆవిడ పగలబడి నవ్వారు.

"ఆస్ట్రేలియా వేసవా! వీడు పుట్టింది ఇక్కడే, పక్కనున్న ఎడిసన్‌లో, మావాడి ఫ్రెండ్ వాళ్ళ బేస్‌మెంట్‌లో!"

నవ్వు ఆగాక మెల్లగా అన్నారు. "ఏడాదంతా తప్పు నాదే అనుకున్నాను రవీ."

"తెలుసు ఆంటీ. తెలిసి కూడా ఊరుకున్నాను. నన్ను క్షమించండి. మీరు అక్క దగ్గరికి వెళ్ళండి. ఈసారి లైట్లు ముట్టుకోకుండా వీణ్ణి చూసుకుంటాను."