పసుపు బొట్టు పెట్టిన ఫ్లాపీలు

ఆర్మూర్‌లో నాకొక డీటీపీ షాపు ఉండేది. తొంభైల్లో కంప్యూటర్‌తో పని చేసిందానికన్నా దాన్ని బతిమాలిందే ఎక్కువ. కొన్ని నెలలకోసారి మొరాయించేది. అప్పుడు ఆపరేటింగ్ సిస్టం మొత్తం తీసేసి, కట్టెడు ఫ్లాపీలు ఒక్కొక్కటే పెడుతూ మళ్లీ ఎక్కించాలి. తెర మీద ఆ నీలం గీత జరగడం చూస్తూ కూర్చుంటే ప్రాణం విసిగేది.

ఆ ఏడు దసరా పోయిన కొద్ది రోజులకు, మోర్తాడ్ నుంచి బీడీలు చుట్టే ఒక అక్క, తన బిడ్డ పెండ్లి కార్డు కొట్టించడానికి వచ్చింది. పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేది మేనమామ. ఆ మేనమామ, అంటే ఈమె తమ్ముడు, దుబాయిలో ఉన్నాడు. అచ్చేసిన కార్డు చూపిస్తేనే కంపెనీ సెలవిస్తుందట. వాళ్ల ఊరాయన ఒకతను ఆ సాయంత్రమే బొంబాయి బస్సెక్కి దుబాయి పోతున్నాడు. కార్డు ఆయన చేతికి అందాలి. ప్రెస్సులో ఇస్తే రోజులు పడుతుందని నా దగ్గరికి వచ్చింది.

"తమ్మీ, జర జల్ది చెయ్యి. వాడు రాకుంటే పిల్లను మోసేటోడు లేడు" అంది.

సరిగ్గా ఆ పొద్దునే కంప్యూటర్ పడుకుంది. ఫ్లాపీలు ఎక్కించడం మొదలుపెట్టాను. సగంలో ఒకటి చదవనని మొండికేసింది. తీసి చూస్తే దాని రేకు మూత మీద ఎండిన పసుపు. రేకు జరిపితే లోపలా పసుపే. మిగతావాటికీ పైన బొట్టుంది, తొందరలో చూసుకోలేదు. మా దగ్గర దసరాకు తూకం వేసే తరాజు, కుట్టుమిషను, ట్రాక్టరు, దేన్నీ బొట్టు లేకుండా ఉంచరు. కంప్యూటర్‌కు నేనే పెట్టాను. అమ్మ అక్కడితో ఆగలేదని అప్పుడు తెలిసింది. షాపు వెనకే ఇల్లు, పోయి అడిగాను.

"పెద్ద డబ్బకు పెట్టి గీ చిన్నయిటిని ఇడిచిపెడ్తమా? అన్నిటికి పెట్టిన" అంది.

ఒళ్లు మండింది. తుడిచి మళ్లీ మొదటినుంచి ఎక్కించాను. మళ్లీ అక్కడే ఆగింది. నిజామాబాద్ పోయి తెలిసినాయన దగ్గర ఇంకో కట్ట తెచ్చి, ఎక్కించి, తెలుగు ఫాంట్లు వేసి, మొదటి కార్డు తీసేసరికి బొంబాయి బస్సు వెళ్లిపోయింది. అక్క అప్పటిదాకా బల్ల మీదే కూర్చుని ఉంది. పోస్టులో వేస్తే పెండ్లి లోపు అందదు.

"నువ్వేం జేస్తవ్ తియ్యి" అని కార్డు కొంగులో పెట్టుకుని పోయింది. తిట్టినా బాగుండేది.

పెండ్లి దగ్గరపడ్డాక మళ్లీ వచ్చింది. నాలుగు మూలలా పసుపు రాసిన కార్డు నా చేతిలో పెట్టింది.

"మా తమ్ముడు వస్తలేడు. గంప నువ్వే మొయ్యాలె, తమ్మీ" అంది.

కార్డు నేను కొట్టిందే. అయినా ముహూర్తం ఎప్పుడో మళ్లీ చూసుకున్నాను.