ముందు గాలి సూస్త

నాచారం దవాఖానల మా బాబును చూసుకున్న సిస్టర్ పేరు నేను అడగనేలేదు. నెలలు నిండకుండ పుట్టిండు వాడు. బీపీ నిలబడక మందు చుక్కచుక్కగ ఎక్కుతుండె. నేను అద్దాలపెట్టె పక్కన కూసోని మిషన్ల బీపీ నంబర్ తప్ప ఇంకోటి సూడకపోయేది.

ఆమె మాత్రం ఎప్పుడొచ్చినా ముందు రెండు వేళ్లతోని ఆక్సిజన్ తీగ కట్టిన వాని అరికాలు పట్టుకొని, మిషన్ల ఆక్సిజన్ నంబర్ సూసేది. ఆ తర్వాతనే మందు దిక్కు తిరిగేది.

ఒకనాడు బీపీ పడిపోయింది.

"సిస్టర్, మందు పెంచున్రి!" అని ఒర్లిన.

"జర ఆగక్కా. ముందు గాలి సూస్త."

వాని ముక్కుల గాలిగొట్టం పక్కకు జారి ఉన్నది. పొద్దుగాల చెంపకు దిష్టిచుక్క పెట్టుకుంట నేనే కదిలిచ్చిన. ఆమె గొట్టం సరిజేసి, అరికాలు పట్టుకొని నిలబడ్డది. మందు పెంచకుండనే బీపీ నంబర్ మెల్లగ ఎక్కింది.

"గాలి సాలకపోతే మందు చెప్పిన మాట నరాలు ఇనయక్కా," అన్నది. నన్ను ఒక్క మాట అనలేదు. కాటుక చుక్కను సూసి, "రేపటిసంది గీడ పెట్టు," అని వాని అరికాలు చూపెట్టింది.

వాడిప్పుడు బడికి పోతుండు. చుక్క ఇయ్యాల్టికీ అరికాలికే పెడుత. ఉప్పల్ మెట్రో మెట్లు వాడు ఉరికెక్కుతుంటే, దిగొచ్చే ఆడోళ్లందరి కండ్లల్లకు సూస్త. దవాఖానల మాస్కు మీది ఆ కండ్లు తప్ప ఆమె మొఖం నేనెన్నడు సూడలే. ఇప్పుడు మాస్కులు లేక అందరి మొఖాలు కనబడుతున్నయి. ఆమె నా భుజం రాసుకుంట పోయినా నాకు తెల్వది.