పోగు తెగితే అతకల్ల

మగ్గం ఆగిపోయిందని నాయన ఫోన్ చేస్తే తిరుపతి నుంచి నగరి బస్సెక్కాను. నేను ఆసుపత్రిలో మిషన్లు బాగుచేసే టెక్నీషియన్ని. ఇంట్లో మాత్రం ఇప్పటికీ నూలు కండెలు చుట్టే పిల్లనే.

మగ్గం పైన చీర డిజైన్ వేసే పెట్టె ఉంటుంది. అందులోని బోర్డు కాలిపోతే కొత్తది కొనే తాహతు మాకు లేదు. మగ్గం పాత ఇనుముకు పోవాల్సిందే. కరెంటు తీసేసి, పెట్టె విప్పి, బోర్డు మీద ఒక్కో చోట మీటరు ముళ్లు ఆనించి చూశాను. బియ్యపు నూకంత తెల్ల ఫ్యూజు దగ్గర మాత్రం మీటరు కూయలేదు. పోయింది అదొక్కటే. ఎందుకు పోయిందో కూడా కనబడింది. ఒక వైరు పైతొడుగు ఒరుసుకుపోయి ఇనుప చట్రానికి తగులుతోంది.

"వైరు మార్చల్ల, ఇట్లాంటి ఫ్యూజే ఎయ్యల్ల. రేపు తిరుపతి నుంచి తెస్తాను. అందాకా స్విచ్చి ముట్టుకోవద్దు, అన్నా," అన్నాను.

"ఇంతదానికి తిరుపతి దాకా బోవల్లా?" అంటూ మా అన్న నవ్వాడు.

మర్నాడు ఫ్యూజు పర్సులో పెట్టుకుని వస్తే, వీధి మొదట్లోనే మా మగ్గం చప్పుడు వినబడింది. అన్న ఆ ఫ్యూజు రెండు కొసలనూ కలుపుతూ రాగి జరీ పోగు అతికించాడు. ఒరుసుకుపోయిన వైరు జోలికే పోలేదు.

"పోగు తెగితే అతకల్ల పాపా. తాతల కాణ్ణించి మనం జేసేది అదే గదా."

"సదవకపోయినా మావోడికి బుర్ర ఉండాది సూడు," అన్నాడు నాయన.

అది తెగడానికే పెట్టిన పోగు అని అరిచాను. స్విచ్చి తీయబోతే నాయన చెయ్యి అడ్డం పెట్టాడు. శుక్రవారం పూట ఆడే మగ్గాన్ని ఆపకూడదట. కాసేపటికే పెట్టెలోంచి పొగ వచ్చింది. మా అన్న అతుకు గట్టిదే, తెగలేదు. బోర్డే కాలింది.

మగ్గాన్ని పాత ఇనుము కింద అమ్మేశారు. అన్న ఇప్పుడు పక్కవీధిలో కూలికి నేస్తున్నాడు. చుట్టాలు ఎవరొచ్చినా నాయనది ఒకటే మాట: "బాగా ఆడతా ఉండె. మా పాప చెయ్యి పెట్టింది, కాలిపాయ." అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అంటారు. మా ఇంట్లో కుండ ఎవరు కొట్టినా కొట్టింది నేనే.

మొన్న నాయన ఫోన్ చేశాడు. "పాపా, మిక్సీ తిరగడంలే. ఒగసారి వచ్చి సూసిపో."

"అన్నకు చెప్పు నాయనా," అన్నాను. "అతుకుతాడు."